రాసుకుంటున్నాడు, పిలవకండి

పెళ్లయిన కొత్తలో స్తుతి తన మొగుడికి చెవుడేమోనని అనుమానపడింది. పిలిస్తే "వస్తన్న" అనేవాడు, రాడు. మళ్లీ పిలిస్తే మళ్లీ "వస్తన్న" అనేవాడు, అంతే. చెవిటివాడైతే ఆ మాటైనా ఎట్లా అంటాడని ఆలోచించి, సరే, బద్ధకం అయ్యుంటుందని తేల్చుకుంది. ఆ రెండూ కాదని, ఆయన నాటకాలు రాస్తాడని, రాసేటప్పుడు నోరొక్కటే ఇంట్లో ఉండి మనిషి ఇంకెక్కడో ఉంటాడని తెలియడానికి ఆమెకు చాలా కాలం పట్టింది. సంబంధం మాట్లాడేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. తాగుడు లేదు, పేకాట లేదు, ఆదివారం చర్చి తప్పడు అన్నారు. నాటకాల జబ్బుందని చెబితే పిల్లనివ్వరని భయపడ్డారేమో.

ప్రభుదాసుది తిరుమలాయపాలెం. పిల్లప్పటి నుంచీ అక్కడి చర్చిలో క్రిస్మస్ నాటకాలు ఆయనే రాసేవాడు. ఒక ఏడు గొర్రెల కాపరుల చేత దేవదూత సంగతి పక్కన పెట్టించి, మేకలకొచ్చిన గాలికుంటు రోగం గురించి, గడ్డి దొరకని కష్టం గురించి మాట్లాడించాడు. జనం పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వారు. పాస్టరు గారు మాత్రం "ఇదెక్కడి బేత్లెహేమురా, మనూరే కదా!" అని మెచ్చుకున్నారో తిట్టారో తెలియకుండా ఒక మాటనేసి వెళ్లిపోయారు. ఆ మాట ప్రభుదాసుకు జీవితాంతం సరిపోయింది. దాన్ని పట్టుకుని రేడియోకు రాయడం మొదలుపెట్టాడు. పంపినవి పంపినట్టే తిరిగొచ్చేవి. ఆయన రాయడం మానలేదు.

రెండువేల సంవత్సరం దాటాక ఆయనకు పినపాక అవతల అడవి దారిలో ఫారెస్టువాళ్ల చెక్‌పోస్టు దగ్గర గేటు కాసే పని దొరికింది. కూతురు మహిమను ఖమ్మంలో హాస్టల్లో చేర్చి, మొగుడూ పెళ్లాం ఇద్దరూ మూటాముల్లె సర్దుకుని అక్కడికి చేరారు. రోడ్డు పక్కన కిటికీ ఉన్న చిన్న గది, వెనక వంటకు, పడకకు కలిపి ఒక రేకుల పాక, ఎదురుగా సీతయ్య టీ హోటలు. చుట్టూ టేకు చెట్లు. ఇంకేమీ లేవు. అడవి మధ్య కదా, రాసుకోవడానికి ఇంతకంటే నిమ్మళమైన చోటు ఎక్కడుంటుందని ప్రభుదాసు మురిసిపోయాడు. అడవిలో ఉండేది చెట్లే అయినా, చెక్‌పోస్టులో ఉండేది మనుషులని ఆయనకు చేరిన రోజే తెలిసొచ్చింది.

వచ్చే లారీ, పోయే లారీ. ప్రతి డ్రైవరుకూ చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఒకడికి మణుగూరులో టైరు పగిలిందట, ఒకడి మరదలికి భద్రాచలంలో సంబంధం కుదిరిందట. పర్మిటు కాయితం ఇవ్వడానికి వచ్చినవాడు కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడితే బీడీ అయిపోయేదాకా కదలడు. సీతయ్య హోటల్లో టీ తాగినవాళ్లు గ్లాసులతో సహా వచ్చి "ఏం రాస్తన్నవ్ అన్నా, మాగ్గూడ సదివి ఇనిపియ్" అనేవాళ్లు. మొహమాటస్తుడు ప్రభుదాసు. ఎవర్నీ పొమ్మనలేడు. సాయంత్రానికి కాయితం మీద నాలుగు ముక్కలు ఉండేవి, అందులో మూడు కొట్టేసినవి.

గేటు సంగతి ఆయనే చూసుకున్నాడు. అది ఒక చివర బండరాయి కట్టిన పొడవాటి వెదురు వాసం. రెండో చివర ఉన్న తాడు వదిలితే రాయి బరువుకు వాసం పైకి లేస్తుంది, లాగి పట్టుకుంటే దిగుతుంది. ఆయన ఆ తాడును కిటికీలోంచి లోపలికి తెచ్చి, ఉచ్చు వేసి పాదం కింద తొక్కిపెట్టాడు. బస్సు, పాల వ్యాను, ఆ దారిన రోజూ మనుషుల్ని తిప్పే సోమ్లా ట్రాక్సు జీపు లాంటివి చూడక్కరలేని బండ్లు. వాటి చప్పుడు ఆయన కాలికి తెలుసు. చప్పుడు వినగానే కాలు లేచేది, గేటు లేచేది, కలం ఆగేది కాదు. కలప లారీ అయితే మాత్రం లేచి వెళ్లి కాయితాలు చూసి వచ్చేవాడు. అంత పిచ్చిలోనూ పనిలో మాట రానిచ్చేవాడు కాదు.

మనుషుల సంగతి స్తుతి చూసుకుంది. ఆమెకు మొహమాటం లేదు. ఆయన కూర్చుని రాయడం మొదలుపెట్టగానే కిటికీకి ఒక ఎర్రగుడ్డ కట్టేది. గుడ్డ ఉందంటే రాస్తున్నాడని లెక్క. హారన్ కొట్టకూడదు, కాయితం చువ్వల్లోంచి పెట్టి మాట్లాడకుండా నిలబడాలి, ఆయన తలెత్తినప్పుడే ఎత్తుతాడు. డ్రైవర్లందరికీ ఒక్కొక్కరికీ చెప్పింది. "రాసుకుంటండు, పిలవకుండ్రి" అని ఆమె రోడ్డు మధ్య నిలబడి వేలెత్తి చెబితే పన్నెండు చక్రాల లారీ కూడా నోరు మూసుకునేది.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఆ రోజుల్లో ఆ అడవిలో కిటికీకి ఎర్రగుడ్డ కట్టకూడదన్న ఆలోచన మాత్రం ఆ మహాతల్లికి తట్టలేదు. ఒక పొద్దున పోలీసు జీపు వచ్చి సర్రున ఆగింది. తుపాకులతో నలుగురు దిగారు.

"ఏందమ్మా ఇది? ఎవలకు సిగ్నలిస్తన్నవ్?" అన్నాడు ఎస్సై.

"లారీలకు సారూ."

"ఏమని?"

"మా ఆయన నాటకం రాస్తండని."

ఎస్సై చాలా మందిని ప్రశ్నలు అడిగి ఉంటాడు గానీ ఇలాంటి జవాబు విని ఉండడు. లోపలికి పోయి చూశాడు. కాలి కింద తాడు, చేతిలో కలం, ముందు కాయితాలు. ప్రభుదాసు తలెత్తకుండానే "వస్తన్న" అన్నాడు. ఎస్సై ఒక కాయితం తీసి నిలబడే చదివాడు. చదువుతూ చదువుతూ రెండోది కూడా తీశాడు. తర్వాత బయటికొచ్చి, "నాటకం బాగనే ఉంది. గుడ్డ రంగు మార్చు తల్లీ, పానాల మీదికొస్తది" అని జీపెక్కాడు.

ఆ తర్వాత రంగు గురించి పెద్ద చర్చే జరిగింది. పసుపు కడదామంటే సీతయ్య ఒక పార్టీ పేరు చెప్పాడు. కాషాయం అంటే ఇంకో పార్టీ. ఆకుపచ్చ, నీలం, మూడు రంగులు, ప్రతిదానికీ ఏదో ఒక పార్టీ ఉంది. చివరికి కూతురి చిన్నప్పటి పూలపూల గౌను చింపి కట్టింది. దానికి ఏ పార్టీ అభ్యంతరం చెప్పలేదు.

అందరి నోళ్లూ మూయించాక ఇంక మిగిలిన గోల తనదేనని స్తుతికి ఒక మధ్యాహ్నం అర్థమైంది. అన్నం వడ్డించి "ఏమయ్యో, తింటానికి రావా?" అని కేకేసింది. ప్రభుదాసు ఉలిక్కిపడి లేచి వచ్చాడు, కంచం ముందు కూర్చున్నాడు, ముద్ద కలుపుతూ ఉండిపోయాడు. "మంచి మాట ఒకటి నోటిదాకొచ్చింది. పోయింది" అన్నాడు. కోపంగా అనలేదు. ఏదో చేతిలోంచి జారి నూతిలో పడ్డట్టు అన్నాడు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

ఆ మర్నాడే ఆమె ఉపాయం చేసింది. ఖాళీ పాలపిండి డబ్బాలో గుప్పెడు చింతగింజలు పోసి, ఆయన బల్ల మీదుగా దూలానికి వేలాడదీసి, దాని తాడును గోడకున్న కంతలోంచి పాకలోకి తెచ్చుకుంది. ఒకసారి కదిలిస్తే టీ. రెండుసార్లు కదిలిస్తే అన్నం. చింతగింజల చప్పుడు మెత్తగా ఉంటుంది, మనిషి గొంతులాగా మాటను తెంపదు. ఆయన రాస్తున్న వాక్యం పూర్తి చేసుకుని లేచి వచ్చేవాడు. ఇంకేదైనా అవసరమైతే ఎన్నిసార్లు కదిలించాలో వాళ్లు అనుకోలేదు. టీ, అన్నం కాక వాళ్లిద్దరి మధ్య అంత అవసరం ఏమొస్తుందని స్తుతి అనుకుంది.

అవి మంచి రోజులు. తర్వాత్తర్వాత ఆమె ఎన్నిసార్లు తలుచుకున్నదో ఆ రోజుల్ని! పొద్దుగూకే ముందు బండ్లు పలచబడేవి. ప్రభుదాసు ఆ రోజు రాసింది తెచ్చి ఆమె ముందు కూర్చుని చదివేవాడు. ఆమె పప్పు ఏరుతూనో, చింతపండు గింజ తీస్తూనో వినేది. ముసలమ్మ మాట్లాడితే ముసలి గొంతు, దొర మాట్లాడితే దొర గొంతు. ఎక్కడైనా ఆమె చెయ్యి ఆగిందంటే ఆ మాట బాగున్నట్టు. ఆమె చెయ్యి ఆగని మాటలన్నీ ఆయన కొట్టేసేవాడు. పొగడ్త ఆమెకు రాదు. "ఊ, తర్వాత?" అనేది. ఆ "తర్వాత" కోసమే తాను రాస్తున్నానని ఆయన ఒకసారి అన్నాడు. స్తుతి సిగ్గుపడి చేటలో మొహం దాచుకుంది.

ఆ రోజుల్లోనే ఆయన "రేవు" మొదలుపెట్టాడు. గోదారి మీద వంతెన కట్టాక పడవ ఎక్కేవాళ్లు లేక రేవులో ఒక్కడే మిగిలిపోయిన ముసలి పడవవాడి కథ. ఎప్పుడూ లేనిది స్తుతి చెయ్యి పేజీకి రెండుసార్లు ఆగింది. ఈసారి తిరిగి రాదని ఇద్దరికీ అనిపించింది, పైకి అనుకోలేదు. అయితే చివర మాత్రం కుదరడం లేదు. ముసలివాడు ఇంకా పడవలోనే కూర్చున్నాడని, ఎవరో ఒకరు వస్తారని ఎదురుచూస్తున్నాడని రేడియో వినేవాళ్లకు తెలియాలి. మాటల్లో చెప్పిస్తే చప్పబడిపోతుంది. ఏదైనా చప్పుడు కావాలి. గాలి, నీళ్లు, తెడ్డు, అన్నీ అనుకుని అన్నీ కొట్టేశాడు. లారీ డ్రైవర్లను కూడా అడిగాడు. వాళ్లు రకరకాల హారన్లు సలహా ఇచ్చారు.

వానలు ముసురుపట్టిన కాలం. ఏజెన్సీలో ఇంటికొకరు చలిజ్వరంతో మూలుగుతున్నారు. స్తుతికి పొద్దున్నుంచే ఒళ్లు నొప్పులుగా ఉంది. ఆయనకు చెప్పలేదు. ఆ రోజు ఆయన మొహం చూస్తే చివర దొరికేట్టే ఉంది. పూల గుడ్డ కట్టి, టీ ఇచ్చి, వచ్చి చాప మీద పడుకుంది. మధ్యాహ్నానికి చలి మొదలైంది. ఉన్న దుప్పటి కప్పుకుంది, బొంత కప్పుకుంది, ఆయన లుంగీలు కూడా కప్పుకుంది. ఎముకల్లోంచి వస్తున్న చలికి దుప్పట్లు ఏం చేస్తాయి? పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. దాహమేస్తోంది. కుండ అందేంత దూరంలోనే ఉంది గానీ లేవలేకపోయింది.

కేకేద్దామంటే గొంతు రాలేదు. తాడు అందింది. దీనికి ఎన్నిసార్లు కదిలించాలో తెలియలేదు. ఒకసారి లాగింది. "వస్తన్న" అని వినబడింది. ఎదురుచూసింది. రెండుసార్లు లాగింది. "వస్తన్న." మళ్లీ ఎవరూ రాలేదు. తర్వాత చలి పెద్దగా ముంచుకొచ్చింది. తాడు చుట్టుకున్న చెయ్యి దానంతట అది వణుకుతుంటే, గోడ అవతల చింతగింజలు ఆగకుండా సన్నగా గలగలలాడుతున్నాయి. ఆ చప్పుడు ఆమెకు వినిపిస్తూనే ఉంది. ఇంత చప్పుడైతే ఇప్పుడు తప్పక వస్తాడనుకుంది. అంతలోనే, అయ్యో, చివర రాసుకుంటున్నాడే, చెడగొడుతున్నానే అనిపించి తాడులోంచి చెయ్యి తీసేద్దామని చూసింది. వేళ్లు ఆమె మాట వినలేదు.

తర్వాతదంతా సోమ్లా చెబితే విన్నదే. అతను రోజూ ఇంజను నీళ్లకని పాక దగ్గరికి వచ్చేవాడు. ఆ రోజూ గేటు లేచింది, జీపు పక్కకు పెట్టి బిందె పట్టుకుని వచ్చాడు. స్తుతి కళ్లు తేలేసి పడి ఉంది, చేతికి తాడు చుట్టుకుని ఉంది. "ప్రభన్నా!" అని అరిచాడు. గోడ అవతలి నుంచి "వస్తన్న" అని జవాబు. సోమ్లా పోయి ఆయన కలం లాగి పారేసి, రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చాడట. జీపులో ఉన్న జనమంతా వానలో దిగిపోయి చోటిచ్చారు. భద్రాచలం దవాఖానా దాకా ప్రభుదాసు చెప్పుల్లేకుండానే వచ్చాడని, ఇక్కడ గేటు సాయంత్రం దాకా ఎత్తిందెత్తినట్టే ఉంటే సీతయ్య హోటలు వదిలేసి కాపలా కాశాడని సోమ్లా చెప్పాడు.

జ్వరం మెదడుకెక్కిందన్నారు డాక్టర్లు. కళ్లు తెరిచేసరికి మంచం పక్కన ప్రభుదాసు ఉన్నాడు. ఆమె ఎప్పుడు కళ్లు తెరిచినా ఉన్నాడు. ఆమె అరచెయ్యి రెండు చేతుల మధ్య పెట్టుకుని తల వంచుకుని కూర్చునేవాడు. ప్రార్థన చేస్తున్నాడనుకుంది. చేస్తూనే ఉండొచ్చు. ఆమె మొహంలోకి మాత్రం చూడలేదు.

ఇంటికొచ్చాక స్తుతి మొదట అడిగింది నాటకం సంగతే.

"అయింది. చింపేద్దామనుకుంటన్న" అన్నాడు ప్రభుదాసు.

"ఏమైంది?"

"బాగలేదు."

ఆమెకు ఒళ్లు మండింది. "నేను చావు దాకా పోయొచ్చింది నువ్వు చింపుకోనీకా? బాగుందో లేదో పంపినాక వాళ్లే చెప్తరు. ఇటియ్." కాయితాలు లాక్కుంది. ఎప్పుడూ చదివి వినిపించేవాడు ఈసారి వినిపించలేదన్నది ఆమెకు తట్టకపోలేదు. అలసిపోయి ఉన్నాడులే అనుకుంది. ఆమెకు చదువు అంతంత మాత్రమే, ఆయన కొట్టివేతల రాత అసలు అర్థం కాదు. అందుకని తాను చదవకుండానే గుడ్డలో చుట్టి, కొత్తగూడెం పోయే బస్సు కండక్టరు చేతిలో పెట్టి, రేడియో స్టేషన్లో ఇచ్చి రమ్మని బతిమాలింది.

ఈసారి తిరిగి రాలేదు. ఫలానా రోజు సాయంత్రం వేస్తున్నారని కబురొచ్చింది. సీతయ్య హోటలు ముందు ఆ పూట లారీలు బారులు తీరాయి. బల్ల మీద రేడియో పెట్టి, దాని చుట్టూ కొత్త తువ్వాలు పరిచాడు సీతయ్య. సోమ్లా జీపు నిండా మనుషుల్ని దింపి, చార్జీ తీసుకోలేదు. స్తుతి క్రిస్మస్ చీర కట్టుకొచ్చి ముందు బెంచీ మీద కూర్చుంది. రేడియోలో మొగుడి పేరు చెప్పినప్పుడు అందరూ ఆమె వైపు చూశారు. అంత సంతోషం తట్టుకోలేక ఆమె చెంగు నోట్లో కుక్కుకుంది.

నాటకం నడుస్తుంటే ఎవరూ కదల్లేదు. వంతెన కట్టారు, పడవ ఎక్కేవాళ్లు తగ్గారు, మానేశారు. చివరికొచ్చింది. ముసలివాడికి పాత రోజుల్నుంచి ఒక అలవాటట. పడవ కదిలే ముందు, ఎక్కేవాళ్లు రండి అని ఒక డబ్బా ఊపుతాడట. ఇప్పుడూ ఊపుతున్నాడు. మాటలు ఆగిపోయాయి. రేడియోలోంచి చిన్నగా, సన్నగా, ఆగకుండా ఒక డబ్బాలో గింజలు గలగలలాడుతున్నాయి. పిలుస్తూనే ఉంది. ఎవరూ రావడం లేదు. అట్లా అట్లా చప్పుడు దూరమై నాటకం అయిపోయింది.

ఆ తర్వాత ఒక్కసారిగా చప్పట్లు. లారీ డ్రైవరొకడు కళ్లు తుడుచుకుంటున్నాడు. స్తుతి తన కుడిచెయ్యి వైపు చూసుకుంది. అది పిడికిలి బిగించి ఉంది. తలెత్తి మొగుడి కోసం చూసింది. ఏ బండీ రాకపోయినా ప్రభుదాసు లేచిపోయి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

ఇంటికి చేరాక ఆమె దీపం పెట్టి, ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఆ చప్పుడు నీకు ఇనబడ్డది."

"ఇనబడ్డది" అన్నాడు ప్రభుదాసు.

"ఏమనుకున్నవ్?"

"గాలనుకున్న. డబ్బాను గాలి ఊపుతందనుకున్న. మస్తు సంబురమైంది స్తుతీ. నాకు కావాల్సింది దొరికిందని... రాసుకుంట కూసున్న."

స్తుతి దీపం వత్తి సవరించింది. మెల్లగా అంది. "నేను పిలిస్తే రాకపోతివి. నేను పిలిచింది మాత్రం రాసుకుంటివి."

ఆమెకు కోపం వచ్చింది, నిజంగానే వచ్చింది. అంతకంటే ఆశ్చర్యం ఏమిటంటే, నాటకం బాగుందన్న గర్వం ఆ కోపంలో కలిసిపోయి ఎంత విడదీసినా విడిపోలేదు. ఆ చివర వింటున్నప్పుడు తన చెయ్యి కూడా ఆగిన మాట ఆమె దాచుకోలేకపోయింది. కొన్నాళ్లు ఆయనతో సరిగా మాట్లాడలేదు. తాడు తెంపేసింది, డబ్బా దింపేసి గింజలు పెరట్లో పారబోసింది. ఇకమీదట నోటితోనే పిలుస్తానంది. పోను పోను కోపం కరిగిపోయింది. మనసులో పెట్టుకుని సాధించే మనిషి కాదు స్తుతి.

పాపం, కరగనిది ప్రభుదాసులోనే మిగిలింది. అది మొదట ఆమెకు తెలియలేదు. ఆయన మళ్లీ రాయడానికి కూర్చున్నాడు. కూర్చున్న కాసేపటికే "స్తుతీ, పిలిచినవా?" అని అడిగాడు.

"లేదు. రాసుకో."

ఇంకాసేపటికి మళ్లీ. "పిలిచినవా?"

"లేదయ్యా."

మొదట్లో ఆమెకు ముచ్చటేసింది. ఇన్నేళ్లకు మొగుడికి చెవులొచ్చాయని సీతయ్యతో చెప్పి నవ్వింది కూడా. రోజులు గడిచేకొద్దీ నవ్వు పోయింది. గిన్నె కిందపెడితే "పిలిచినవా?", దగ్గితే "పిలిచినవా?", ఏ చప్పుడూ చేయకుండా ఊపిరి బిగపట్టి కూర్చుంటే నేరుగా లేచి వచ్చి గుమ్మంలో నిలబడి ఆమెను చూసి పోయేవాడు. మునుపు పన్నెండు చక్రాల లారీని కిటికీ అవతల ఆపగలిగిన స్తుతి, దీన్ని ఎక్కడ ఆపాలో తెలియక తల పట్టుకుంది. ఏ గుడ్డ కడితే ఆగుతుంది ఇది? "నాకేం గాలేదు, గుండ్రాయి లెక్క ఉన్న, నువ్వు రాసుకో" అని బతిమాలింది. దేవుడి మీద ఒట్టు పెట్టించుకుంది. ఆయన ఒట్టు పెట్టాడు, పెట్టి కాసేపటికే పిలిచావా అని అడిగాడు.

రాయడం రాశాడు. ఒకటి రెండు రేడియోలో వచ్చాయి కూడా. పేరు చెప్పారు, సీతయ్య తువ్వాలు పరిచాడు. మనిషి సగం ఇంట్లో ఉండి రాసిన నాటకాలవి. సాయంత్రం చదివి వినిపిస్తే స్తుతి చెయ్యి చేటలో దానంతటది తిరుగుతూనే ఉండేది. ఆయన చూసేవాడు. ఆమె కావాలని చెయ్యి ఆపేది. కావాలని ఆపిందని ఆయనకు తెలిసిపోయేది. ఆ సంగతి ఇద్దరూ ఎత్తుకునేవాళ్లు కాదు.

కొన్నాళ్లకు ఆ చెక్‌పోస్టు ఎత్తేశారు. వెదురు వాసం తీసుకుపోయారు, గది పడిపోయింది, సీతయ్య హోటలు మణుగూరు మార్చుకున్నాడు. ప్రభుదాసుకు పినపాకలో కలప డిపో దగ్గర పని ఇచ్చారు. అక్కడ కిరాయికి తీసుకున్న ఇల్లు లోతట్టున సందులో ఉంది. ముందు గది, తలుపు, గొళ్లెం, ఫ్యాను, బల్ల. లారీలు లేవు, టీ గ్లాసులు లేవు, చువ్వలు పట్టుకుని నిలబడేవాళ్లు లేరు. రాసుకునేవాడు దేవుణ్ణి అడిగి తెచ్చుకోవాల్సినంత నిమ్మళం. అంత నిమ్మళంలోనూ ప్రభుదాసు తలుపు వేసుకునేవాడు కాదు. "పిలిచినవా?" అని అడిగేవాడు. పక్కింటి నిర్మలాదేవి విని, "ఆయనకు నువ్వంటే ఎంత పానమో" అని మురిసిపోయేది. స్తుతి అవునన్నట్టు తలూపేది. విప్పి చెప్పుకునే సంగతి కాదది.

ఒంటరిగా ఉన్నప్పుడు ఆమెకు ఆ పాత మొగుడు గుర్తొచ్చేవాడు. పిలిచినా పలకనివాడు. కళ్ల ముందే కూర్చుని ఎటో పోయి, పొద్దుగూకేసరికి చేతినిండా మాటలతో తిరిగొచ్చేవాడు. ఆ మనిషి మీద ఎన్నిసార్లు విసుక్కుంది! ఇప్పుడు ఆయనే కావాలనిపించేది. తనను బతికించుకున్న ఆనందం ఒకటైతే, తన వల్లనే ఆయన అట్లా అయిపోయాడన్న బాధ ఇంకొకటి. తప్పెవరిదో ఎన్నిసార్లు ఆలోచించినా తేలలేదు. చివరికి తేల్చడం మానేసి దేవుణ్ణి ఒక్కటే అడిగేది. ప్రభువా, ఈ మనిషి నన్ను ఒక్క పూటైనా మరిచిపోయేట్టు చెయ్యి తండ్రీ అని. మొగుడి గురించి ఏ ఆడదీ చేయని ప్రార్థన అది. దేవుడికి కూడా అర్థమైందో లేదో.

ఒక శనివారం ఆయనకు డిపోకు సెలవు. పొద్దున్నే బల్ల దగ్గర కూర్చున్నాడు. స్తుతి ఇల్లు ఊడ్చింది, బట్టలుతికింది, గోంగూర ఒలిచి పప్పులో వేసింది. అన్నం వార్చి, కంచాలు కడిగి పెట్టి, పిలుద్దామని గుమ్మంలోకి వచ్చింది. "తింటానికి రా" అన్న మాట నోటిదాకా వచ్చేసింది. అప్పుడు తట్టింది ఆమెకు. పొద్దున్నుంచీ ఆయన ఒక్కసారి కూడా పిలిచావా అని అడగలేదు.

ఆయన వీపు ఇటు తిరిగి ఉంది. కాయితం మీద వంగి రాస్తున్నాడు. ఎడమచేతి వేళ్లు గాలిలో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు కదులుతున్నాయి. ఆమె గుమ్మానికి ఆనుకుంటే తలుపు కిర్రుమంది. ఆయన "వస్తన్న" అన్నాడు. తల తిప్పలేదు, రాలేదు. కలం ఆగలేదు.

స్తుతి గోడ పట్టుకుంది. అడుగులో అడుగేసుకుంటూ వెనక్కి వచ్చి అన్నం గిన్నె పక్కన కూర్చుంది. పొద్దున టీ తాగిందే, ఆమెకు బాగా ఆకలిగా ఉంది. వీధి తలుపు దగ్గరికి నిర్మలాదేవి వచ్చి "వదినా..." అని ఏదో అనబోతే, స్తుతి మూతి మీద వేలేసుకుని వెళ్లిపొమ్మని చెయ్యూపింది. ఎండ వాకిట్లోంచి జరిగి అవతలి గోడ ఎక్కింది. అన్నం చల్లారింది, పప్పు మీద పొర కట్టింది. కళ్లు తుడుచుకోవడానికి కూడా గాజులు చప్పుడవుతాయని ఆమె చెయ్యెత్తలేదు.